మైకు వదిలినోడు.. మైకు దాచుకున్నోడు

'జర్నలిస్టుకు రాజకీయాలెందుకయ్యా?' అని అడిగేటోళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో, కొత్తగా ఉద్యోగంలో చేరి, మెడలో ప్రెస్ కార్డుతోనే ధర్నాలో కూర్చున్నందుకు నన్నూ అడిగారు. 'నువ్వు రిపోర్టరువా, ఉద్యమకారుడివా, ముందు ఒకటి తేల్చుకో' అన్నాడొక పెద్దమనిషి. ఆయన జీతమిచ్చే యజమాని ఏ పార్టీ టికెట్టు కోసం ఎవరి గడపల చుట్టూ తిరుగుతున్నాడో డెస్కులో చాయ్ పోసే పిల్లగాడికి కూడా తెలుసు. యజమాని తిరిగితే వ్యాపారం. రిపోర్టర్ కూర్చుంటే పక్షపాతం!

ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే క్యూబెక్ దాకా పోవాలి. కెనడాలోని పది రాష్ట్రాల్లో అదొకటి. వాళ్లు ప్రావిన్సు అంటారు. అక్కడ టీవీ తెర మీంచి శాసనసభలోకి నడిచిపోయినవాళ్లు ఒకరిద్దరు కాదు. అంతకన్నా ముఖ్యం, ఆ ప్రావిన్సును వేరే దేశం చేయాలని పార్టీ పెట్టి, గెలిచి, ప్రభుత్వం నడిపిన మనిషి ఒక టీవీ జర్నలిస్టు. పేరు రెనె లెవెక్.

1950లలో క్యూబెక్ సంగతి మన పాఠకులకు ఎక్కువ వివరించనక్కర్లేదు. జనాభాలో అత్యధికులు ఫ్రెంచి మాట్లాడేవాళ్లు. బ్యాంకులు, ఫ్యాక్టరీలు, కరెంటు కంపెనీల మీద పెత్తనం ఇంగ్లీషు మాట్లాడేవాళ్లది. మాంట్రియల్ పెద్ద దుకాణాల్లో సొంత భాషలో సరుకు అడిగితే చిన్నచూపు. పని చేసేది ఒకరు, ఆజ్ఞలిచ్చేది ఇంకొకరు. పైన కూర్చున్న ముఖ్యమంత్రి మోరిస్ డ్యూప్లెసీ జాతి గౌరవం గురించి ఉపన్యాసాలిస్తూనే గనులు, అడవులు బయటి కంపెనీలకు అప్పగించాడు. సమ్మె చేసిన కార్మికుల మీదికి పోలీసులను తోలాడు. సొంత ప్రాంతపోడే కదా, సొంత భాషే కదా! గద్దె మీద మనోడుంటే చాలనుకునేవాళ్లు డ్యూప్లెసీ చరిత్ర ఒకసారి చదవాలి.

లెవెక్ 1922లో పుట్టాడు. గాస్పే తీరంలోని న్యూ కార్లైల్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. లా చదువు మధ్యలో వదిలేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వెంట విలేకరిగా పోయి, హిట్లర్ మనుషుల్ని చంపిన దహావ్ శిబిరాన్ని కళ్లారా చూశాడు. కొరియా యుద్ధానికీ పోయాడు. పొట్టి మనిషి, బొంగురు గొంతు, వేళ్ల మధ్య ఆరని సిగరెట్. ఇవ్వాళ్టి చానెళ్లలో యాంకర్ ఉద్యోగానికి పోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

అయినా 1956 నుంచి 1959 దాకా రేడియో-కెనడా టీవీలో 'ప్వాం ద మీర్' అనే కార్యక్రమంతో ఆయన క్యూబెక్‌ను టీవీల ముందు కూర్చోబెట్టాడు. స్టూడియోలో నల్లబల్ల, చేతిలో సుద్దముక్క, వెనక ఒక పటం. సూయజ్ కాలువ మీద కొట్లాట ఎందుకు, అల్జీరియాలో ఫ్రాన్స్ ఎందుకు యుద్ధం చేస్తోంది, ఇట్లాంటివన్నీ బడిపంతులు లెక్క విప్పి చెప్పేవాడు. చూసేవాళ్లు ప్రొఫెసర్లు కాదు. టాక్సీ డ్రైవర్లు, మిల్లు కార్మికులు, ఇల్లు నడిపే ఆడవాళ్లు. జనానికి అర్థం కాదులే అనుకోవడం బద్ధకస్తులైన జర్నలిస్టుల సాకు అని ఆ నల్లబల్ల వారం వారం రుజువు చేసింది.

ఆయన్ని రాజకీయాల్లోకి తోసింది పదవి మీద ఆశ కాదు, ఒక సమ్మె. 1958 డిసెంబర్ 29న మాంట్రియల్‌లో రేడియో-కెనడా ప్రొడ్యూసర్లు సమ్మెకు దిగారు. డిమాండు చాలా చిన్నది, సంఘం పెట్టుకునే హక్కు. మీరు మేనేజర్లు, మీకు సంఘమేంది అన్నది యాజమాన్యం. లెవెక్ ప్రొడ్యూసర్ కాదు. కాంట్రాక్టు మీద కార్యక్రమం చేసే పేరున్న మనిషి. పక్కకు తప్పుకుని తన పని తాను చూసుకుని ఉండొచ్చు. తప్పుకోలేదు. సమ్మె నిధి కోసం స్టేజీ ఎక్కి తన టీవీ పాఠాలను జనం ముందు చెప్పాడు. ఊరేగింపుల్లో నడిచాడు. పోలీసులు పట్టుకుపోయినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

సమ్మె 68 రోజులు నడిచింది. ఫ్రెంచి తెర మీద పాత సినిమాలే తిప్పి తిప్పి వేశారు. ఆ సంస్థ కేంద్ర ప్రభుత్వానిది. కాని ఒట్టావాలో ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు. అదే సంస్థ ఇంగ్లీషు చానెల్ హాయిగా నడుస్తోంది మరి! ఇంగ్లీషు తెర ఇట్లా ఆగిపోతే ఒట్టావా ఒక్కరోజైనా ఊరుకునేదా? ఈ ప్రశ్న లెవెక్‌ను వదల్లేదు. యుద్ధాలు చూసినప్పుడు కూడా జాతివాది కాని మనిషి ఆ సమ్మెలో మారిపోయాడు. సమ్మె ముగిశాక ఆయన కార్యక్రమం ఎక్కువ రోజులు నడవలేదు. ఆ ఎండాకాలంలోనే ఆగిపోయింది.

1960 జూన్‌లో లిబరల్ పార్టీ తరఫున మాంట్రియల్‌లోని లారియే నియోజకవర్గం నుంచి పోటీ చేసి గెలిచాడు. మంత్రి అయ్యాడు. సహజ వనరుల శాఖ చేతికొచ్చింది. అక్కడ చూస్తే నదులు క్యూబెక్‌వి, కరెంటు ప్రైవేటు కంపెనీలది. షావినిగన్ కంపెనీ లాంటివి ఒక్కో ప్రాంతాన్ని పంచుకుని తిన్నాయి. మారుమూల ప్రాంతాల్లో కరెంటుకు ఎక్కువ ధర కట్టాలి. ఫ్రెంచి ఇంజనీరుకు పై కుర్చీ అందదు. వీటన్నిటినీ కొనేద్దాం అన్నాడు లెవెక్. సొంత ముఖ్యమంత్రి జాన్ లెసాజ్ జంకాడు. కేబినెట్‌లోనే వ్యతిరేకించినవాళ్లున్నారు.

అప్పుడు మంత్రిగారు ఏం చేశాడు? మళ్లీ నల్లబల్ల తీశాడు. పటాలు, అంకెలు పట్టుకుని ఊరూరూ తిరిగాడు. ఏ నది మీద ఏ కంపెనీ, యూనిట్‌కు ఎంత, లాభం ఎవరికి, ఇదే పాఠం. చివరికి ప్రభుత్వమే 1962 నవంబర్‌లో ఈ ఒక్క అంశం మీద ఎన్నికలకు పోయి గెలిచింది. 'మన ఇంటికి మనమే యజమానులం' అన్నది ఆ ఎన్నికల నినాదం. 1963లో పదకొండు కంపెనీలు హైడ్రో-క్యూబెక్ కిందికి వచ్చాయి. ఖర్చు దాదాపు 60 కోట్ల డాలర్లు. టీవీలో ఉన్నప్పుడు చేసిన పనే మంత్రి అయ్యాకా చేశాడు. వేదిక మారింది, మనిషి మారలేదు.

1967 అక్టోబర్‌లో సార్వభౌమత్వం మీద ఆయన తీర్మానాన్ని లిబరల్ మహాసభ మింగడానికి సిద్ధపడింది. తీర్మానం వెనక్కి తీసుకుని, పార్టీకి దండం పెట్టి బయటికి నడిచాడు. మరుసటి ఏడాది పార్తీ కెబెక్వా పుట్టింది. 1970 ఎన్నికల్లో 23 శాతం ఓట్లొచ్చాయి. సీట్లు మాత్రం 108లో ఏడు. నాయకుడు తానే ఓడిపోయాడు. 1973లో ఓట్లు 30 శాతం దాటాయి, సీట్లు ఆరుకు పడిపోయాయి. లెవెక్ మళ్లీ ఓడాడు. ఈ ఓటముల మధ్య బతుకుదెరువుకు పత్రికలో కాలమ్ రాసుకున్నాడు. పార్టీ అధ్యక్షుడు పత్రికలో కాలమ్ రాయడం సరైనదేనా? నాకైతే నచ్చదు. కాని ఆ కాలమ్ కింద పేరుంది, ఆ పేరు ఏ పార్టీదో చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. పేరు లేని తటస్థం కన్నా పేరున్న పక్షపాతం నయం.

తటస్థం అంటే గుర్తొచ్చింది. 1970 పోలింగు ఏప్రిల్ 29న. దానికి మూడు రోజుల ముందు, ఆదివారం పొద్దున్నే మాంట్రియల్‌లో బ్రింక్స్ కంపెనీ సాయుధ ట్రక్కులు బారులు తీరాయి. బాండ్లు, పత్రాలు నింపుకుని ఒంటారియో వైపు బయల్దేరాయి. వేర్పాటువాదులు గెలిస్తే డబ్బంతా పారిపోతుందని చూపించే నాటకం. అచ్చంగా ఆ టైముకు అక్కడ కెమెరా పట్టుకుని ఇంగ్లీషు పత్రిక సిద్ధంగా ఉంది. ముందే కబురందింది మరి! తెల్లారి ఫొటో అచ్చయింది. వేర్పాటు కోరిన జర్నలిస్టు పక్షపాతి అట, ట్రక్కుల కోసం పొద్దున్నే లేచి కాచుకున్న పత్రిక తటస్థమట. వినడానికి సిగ్గుండాలి.

1976 నవంబర్ 15న లెక్క తిరగబడింది. 110 సీట్లలో 71. లెవెక్ ముఖ్యమంత్రి అయ్యాడు. 1977లో ఆయన ప్రభుత్వం చేసిన భాషా చట్టం గురించి ప్రపంచమంతా మాట్లాడింది. ఫ్రెంచి పని భాష అయింది, బడి భాష అయింది. కాని ఒక జర్నలిస్టు రాజకీయాల్లోకి ఎందుకు పోవాలో చెప్పేది అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టం. పార్టీలకు చందా ఓటరు మాత్రమే ఇవ్వాలి. కంపెనీ ఇవ్వకూడదు, సంఘం ఇవ్వకూడదు. ఒక మనిషి ఏడాదికి మూడు వేల డాలర్లు మించకూడదు. ఎవరిచ్చారో జనానికి చెప్పాలి. డ్యూప్లెసీ కాలంలో కాంట్రాక్టర్ల సంచులు పార్టీ ఆఫీసుకు ఎట్లా చేరాయో రిపోర్టరుగా చూసిన మనిషి, అధికారం చేతికందగానే ఆ తలుపు మూశాడు. దొడ్డిదారులు తర్వాత పుట్టాయి, కుంభకోణాలూ బయటపడ్డాయి. అయినా చట్టం బతికింది. 2013 నుంచి ఆ పరిమితి మామూలు ఏడాదికి వంద డాలర్లకు దిగింది. వంద! మన నాయకులు ఒక్క పూట బిర్యానీ ఖర్చులో దాన్ని దాటేస్తారు.

1980 మే 20న రెఫరెండం. సార్వభౌమత్వం గురించి కెనడాతో చర్చలకు అధికారమివ్వండని అడిగాడు. 59.56 శాతం వద్దన్నారు, 40.44 శాతం ఇవ్వమన్నారు. ఈ పోరులో మనం గమనించాల్సిన చిత్రం ఒకటుంది. 'అవును' శిబిరానికి నాయకుడు మాజీ టీవీ జర్నలిస్టు లెవెక్. 'కాదు' శిబిరానికి నాయకుడు క్లోద్ రయన్. ఈయన 'ల ద్వార్' పత్రికను 1964 నుంచి 1978 దాకా నడిపిన సంపాదకుడు. ఒక జాతి భవిష్యత్తు మీద రెండు వైపులా జర్నలిస్టులే నిలబడి కొట్లాడారు. ఆకాశం విరిగి పడలేదు.

టీవీ మనిషి వల్ల ఉద్యమానికి జరిగే నష్టం కూడా ఆ ఏడాదే కనపడింది. చెప్పకుండా దాటేస్తే అబద్ధమవుతుంది. లీజ్ పాయెత్ పేరుమోసిన టీవీ యాంకర్. 1976లో గెలిచి మంత్రి అయింది. ప్రమాదంలో తప్పెవరిదైనా గాయపడ్డవాళ్లకు పరిహారమందే వాహన బీమాను 1978లో తెచ్చిన ఘనత ఆమెదే. అట్లాంటి మనిషి 1980 మార్చిలో సభలో మాట్లాడుతూ, పాఠ్యపుస్తకాల్లోని అణకువ గల అమ్మాయి ఈవెత్‌ను ఎత్తుకుని, రయన్ ఒక ఈవెత్‌ను పెళ్లాడాడని ఒక చెణుకు విసిరింది. స్టూడియోలో అయితే చప్పట్లు పడేవి. ఇక్కడ ఇండ్లల్లో పని చేసుకునే ఆడవాళ్ల గుండెల్లో గుచ్చుకుంది. ఏప్రిల్ 7న మాంట్రియల్ ఫోరం స్టేడియం వేలాది మహిళలతో నిండిపోయింది. అందరూ 'కాదు' వైపే. ఒక్క చెణుకు, అంతే! తెర మీద ఏళ్ల తరబడి అలవాటైన వాడి నాలుక ఉద్యమానికి ఎంత ఖరీదు పెట్టగలదో అప్పుడు తెలిసింది.

లెవెక్‌ను దేవుణ్ని చేయడానికి ఇది రాయడం లేదు. 1981లో 49 శాతం ఓట్లతో మళ్లీ గెలిచాడు. అదే ఏడాది నవంబర్‌లో ఒట్టావాలో మిగతా ముఖ్యమంత్రులు రాత్రికి రాత్రి కేంద్రంతో కలిసిపోయి ఈయన్ని ఒంటరిని చేశారు. 1982 రాజ్యాంగం క్యూబెక్ సంతకం లేకుండానే వచ్చింది. ఆ తర్వాత ఆర్థిక సంక్షోభంలో టీచర్ల, ఉద్యోగుల జీతాలకు కోత పెట్టాడు. సమ్మె చేస్తే చట్టంతో అణిచాడు. ప్రొడ్యూసర్ల సమ్మెలో పోలీసుల చేతికి చిక్కిన మనిషే! 1984లో కేంద్రంతో సర్దుకుపోదామన్నప్పుడు జాక్ పారిజో సహా మంత్రులు రాజీనామా చేసి బయటికి పోయారు. 1985లో తానూ దిగిపోయాడు. మళ్లీ రాతలో, ప్రసారాల్లో పడ్డాడు. 1987 నవంబర్ 1న పోయాడు. చివరి రెండేళ్లు మైకు పట్టడం అలసిన మనిషి ఇంటికి చేరడం. ఇంకో పార్టీలో దిగడానికి ప్లాట్‌ఫారం మీద నిలబడటం కాదు.

ఇక ఆ తర్వాతి తరం.

2006లో రేడియో-కెనడా జర్నలిస్టు క్రిస్టీన్ సాం-పియెర్ అఫ్ఘానిస్థాన్‌లో కెనడా సైన్యాన్ని మెచ్చుకుంటూ పత్రికకు బహిరంగ లేఖ రాసింది. సంస్థ ఆమెను కొంతకాలం రాజకీయ వార్తల నుంచి పక్కన పెట్టింది. 2007లో ఆమె లిబరల్ అభ్యర్థి, వెంటనే సాంస్కృతిక మంత్రి. 2012లో అదే సంస్థ శాసనసభ విలేకరి పియెర్ డ్యుషేన్ ఉద్యోగం వదిలిన కొద్ది వారాలకే పార్తీ కెబెక్వా అభ్యర్థి అయ్యాడు, ఉన్నత విద్యా మంత్రి అయ్యాడు. నిన్నటి దాకా మమ్మల్ని ప్రశ్నలడిగినోడు ఇవ్వాళ మా ఎదుటి పార్టీయా అని మిగతా పార్టీలు గోల చేశాయి. ఆ గోలలో సగం నాటకమే. కాని సగం నిజం. ప్రశ్న అడిగే రోజుకూ టికెట్టు అడిగే రోజుకూ మధ్య కనీసం ఒక చలికాలమైనా గడవాలి. లెవెక్ కార్యక్రమం ఆగిన ఎండాకాలానికీ ఆయన గెలిచిన ఎండాకాలానికీ మధ్య ఒక ఏడాది ఉంది.

వీళ్లందరిలోకీ ప్రసిద్ధుడు బెర్నార్ డ్రాన్‌విల్. రేడియో-కెనడాకు మెక్సికోలో ఉండి లాటిన్ అమెరికా వార్తలు పంపాడు. తర్వాత క్యూబెక్ శాసనసభ బ్యూరోకు పెద్ద. 2007లో పార్తీ కెబెక్వా తరఫున గెలిచాడు. మాటకారి, చురుకైనోడు. 2012లో మంత్రి అయ్యాడు. 2013 సెప్టెంబర్‌లో 'విలువల చార్టర్' పట్టుకుని జనం ముందుకొచ్చాడు. ప్రభుత్వ ఉద్యోగులు కొట్టొచ్చినట్టు కనపడే మత చిహ్నాలు పెట్టుకోకూడదు. అర్థమయ్యేందుకు బొమ్మల పటం కూడా వేయించాడు. చిన్న ఉంగరం, చెవి పోగు పర్వాలేదు. ముస్లిం ఆడవాళ్ల తలగుడ్డ, సిక్కు తలపాగా, యూదుల టోపీ, పెద్ద శిలువ వద్దు. శాసనసభ గోడ మీద వేలాడే శిలువ మాత్రం 'వారసత్వం' కాబట్టి ఉండొచ్చు!

ఇక్కడ ఆగి రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక టీవీ జర్నలిస్టు నల్లబల్ల మీద నదులు గీసి, నీ కరెంటు ఎవడు తింటున్నాడో చూడు అన్నాడు. ఇంకో టీవీ జర్నలిస్టు పటం మీద తలకాయలు గీసి, నీ పక్కింటి నర్సమ్మ నెత్తిన గుడ్డ చూడు అన్నాడు. విషయాన్ని సులువుగా చెప్పే విద్య ఇద్దరిదీ ఒకటే. మొదటాయన వేలు పైకి చూపింది, రెండో ఆయన వేలు కిందికి. ఆత్మగౌరవం పేరుతో మొదలైన ఉద్యమం కంపెనీలను వదిలి దవాఖానలో దినకూలికి పని చేసే పరాయి మతపు ఆడమనిషి మీద పడిందంటే దానికి సోయి తప్పినట్టే. 2014 ఏప్రిల్‌లో పార్తీ కెబెక్వా చిత్తుగా ఓడింది. చార్టర్ బిల్లు అటకెక్కింది. అయిదేళ్ల తర్వాత వేరే పార్టీ ప్రభుత్వం అదే దారిలో చట్టం చేసింది.

2016లో డ్రాన్‌విల్ శాసనసభకు రాజీనామా చేసి రేడియో మైకు పట్టాడు. ఆరేళ్లు శ్రోతలకు రాజకీయాల గురించి చెప్పాడు. 2022లో మళ్లీ రాజకీయాల్లోకి దిగాడు, ఈసారి పాత పార్టీలోకి కాదు. రెఫరెండం పెట్టబోమని మాటిచ్చి అధికారంలోకొచ్చిన ఫ్రాన్స్వా లెగో పార్టీలోకి. లెవీ నియోజకవర్గంలో, క్యూబెక్ నగరానికి నది కింద కార్ల సొరంగం తెస్తామని ప్రచారం చేశాడు. పొగ సంగతేందని అడిగిన విలేకరులతో, ఆ పొగ గోల నాకొద్దని విసుక్కున్నాడు. ఆ విసుగు ప్రావిన్సంతా మోగింది. గెలిచాడు, విద్యా మంత్రి అయ్యాడు. 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ కార్ల సొరంగాన్ని పక్కన పెట్టింది. కెమెరాల ముందు కళ్లనీళ్లు పెట్టుకుని ఓటర్లను క్షమాపణ అడిగాడు. రాజీనామా మాత్రం చేయలేదు. 2025లో ఆయనకు ఇచ్చిన శాఖ ఏదనుకున్నారు? పర్యావరణం.

ఆ కన్నీళ్లు అబద్ధమని నేననను. కాని లెవెక్ రెండు ఎన్నికలు వరసగా ఓడి కూడా తన మాట మీద నిలబడిన చోట, ఈయన మాట పోయింది, కుర్చీ మిగిలింది. స్టూడియో నుంచి సభకు, సభ నుంచి స్టూడియోకు, మళ్లీ సభకు. జేబులో ఎప్పుడూ రిటర్న్ టికెట్టు. మైకు వదిలిపెట్టినట్టు కనపడుతుంది, తీరా చూస్తే బీరువాలో దాచి తాళం జేబులో వేసుకున్నాడు. ఇట్లాంటోళ్లను చూపించి 'చూశారా, అందుకే జర్నలిస్టు రాజకీయాల్లోకి పోకూడదు' అనేవాళ్లు లెవెక్ పేరు ఎత్తరు. లెవెక్ పేరు చెప్పుకుని టికెట్టు అడిగేవాళ్లు ఆయన ఓడిన ఏళ్ల సంగతి ఎత్తరు. మన ఊళ్లల్లోనూ మైకు పట్టుకుని పార్టీ ఆఫీసు మెట్లెక్కినవాళ్లు బోలెడుమంది. వాళ్లను ఎందుకు పోయినవ్ అని కాదు, ఏం వదిలి పోయినవ్ అని అడగాలి. నన్ను అడిగిన పెద్దమనిషిని కూడా.

లెవెక్ పోయిన 1987లోనే మాంట్రియల్‌లో డోర్‌చెస్టర్ అనే పెద్ద రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. ఆయన కంపెనీల చేతుల్లోంచి తీసుకుని పెంచిన హైడ్రో-క్యూబెక్ కేంద్ర కార్యాలయం ఆ రోడ్డు మీదే ఉంది. అదే రోడ్డు మీద పడమరకు పోతూ ఉంటే, ఇంగ్లీషువాళ్ల సంపన్న పేట వెస్ట్‌మౌంట్ మొదలవుతుంది. ఆ పేట పొలిమేర దాటగానే బోర్డు మారిపోతుంది. అక్కడ ఆ రోడ్డు పేరు ఇంకా డోర్‌చెస్టరే.